మధురవాడ నుంచి గాజువాక దాకా: ఒక జంట, ఒక కారు

నా దగ్గరికి కౌన్సెలింగ్‌కు వచ్చిన ఒక జంట కేసు ఇది, ఇద్దరి అనుమతితో రాస్తున్నాను. పేర్లు రాయలేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను. కారు సంగతులు మాత్రం వాళ్లు చెప్పినవి చెప్పినట్టే ఉంచాను, ఎందుకంటే వాళ్ల కథంతా ఆ కారులోనే నడిచింది.

2023 ఆగస్టులో ముందుగా ఫోన్ చేసింది భార్య. ఆవిడకు 38 ఏళ్లు, ఆయనకు 43. పెళ్లయి పన్నెండేళ్లు. పదేళ్ల బాబు, ఆరేళ్ల పాప. విశాఖపట్నం మధురవాడలో రెండు బెడ్రూముల ఫ్లాటు. ఆయన తల్లి వీళ్లతోనే ఉంటారు. ఆవిడ గాజువాక వైపు ఒక బ్యాంకు బ్రాంచిలో ఆఫీసరు, అప్పుల పని చూస్తారు. ఆయనకు గాజువాక ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు ఉంది. ఆరుగురు పనివాళ్లు.

మొదటి రోజు ఇద్దరూ నా ఎదురుగా సోఫాకు చెరో చివరా కూర్చున్నారు. "గొడవలు ఎక్కువగా దేనిమీద వస్తాయి?" అని అడిగాను. ఆవిడ ఆయన వైపు చూసి, "గొడవలు లేవు మేడం. గొడవ పడాలన్నా మాట్లాడుకోవాలి కదా" అన్నారు. ఆయన తల ఊపారు. పాలు తెచ్చారా, ఫీజు కట్టావా, గ్యాస్ బుక్ చేశావా, అమ్మ మందులు అయిపోయాయి. రోజంతా వాళ్ల మధ్య నడిచే మాటలు ఇంతే. ఆ వారం ఏం మాట్లాడుకున్నారో కాగితం మీద రాయమంటే ఇద్దరూ కలిసి పదకొండు వాక్యాలు రాయగలిగారు. అందులో ఒక్కటి కూడా ఇద్దరిలో ఎవరి గురించీ కాదు.

ఏ జంటతోనైనా పని మొదలుపెట్టే ముందు ఇద్దరితో విడివిడిగా ఒక్కో సెషన్ చేస్తాను. చెయ్యి చేసుకోవడం ఉందా, ఇంట్లో ఎవరికైనా ఎవరి భయమైనా ఉందా, డబ్బు, ఫోను, పుట్టింటి రాకపోకల మీద ఎవరైనా అదుపు పెడుతున్నారా అని నేరుగానే అడుగుతాను. ఉంటే ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టడం ప్రమాదం. వీళ్ల దగ్గర అవేవీ లేవు. ఆయనకు మాత్రం నిద్ర సరిగా పట్టడం లేదు. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పరీక్షలో 12 వచ్చింది. 27కి 12 అంటే మధ్యస్థాయి కుంగుబాటు. సైకియాట్రిస్టు దగ్గరికి పంపాను. ఆయన ఒక్కసారి వెళ్లి, మళ్లీ వెళ్లలేదు. వ్యాపారం గురించి అడిగితే "నడుస్తోంది" అన్నారు.

ఆ విడి సెషన్లలో ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాను. చివరిసారి ఒకరికొకరు బాగా దగ్గరగా అనిపించింది ఎప్పుడు? ఒకరి జవాబు ఇంకొకరికి తెలియదు. ఇద్దరూ హుద్‌హుద్ తుఫాను వారమే చెప్పారు.

2014 అక్టోబర్ 12, ఆదివారం. అప్పట్లో వాళ్లు పెదవాల్తేరులో పైఅంతస్తులో అద్దెకు ఉండేవారు. కిటికీ అద్దాలు పగిలి గదంతా నీళ్లు. ఏడాది బాబును వంటగది గట్టు కింద పరుపు వేసి పడుకోబెట్టారు. ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. పగలు ట్యాంకరు దగ్గర బిందెలతో వరస, రాత్రి కొవ్వొత్తి వెలుగు. "ఆ వారంలో మాట్లాడుకున్నంత మళ్లీ ఎప్పుడూ మాట్లాడుకోలేదు" అన్నారు ఆయన. ఆవిడ అన్నది ఇంకోలా ఉంది: "అప్పుడు ఈయనకి వెళ్లడానికి ఎక్కడికీ దారి లేదు. నాకూ లేదు."

ఆ మాట నా నోట్సులో రాసుకున్నాను కానీ దాని విలువ అప్పుడు నాకు తెలియలేదు. కష్టం వస్తే మనుషులు కలుస్తారు, అంతే కదా అనుకున్నాను.

అందుకే నా మొదటి ప్రయత్నం తప్పింది. రాత్రి భోజనాలయ్యాక ఇరవై నిమిషాలు బాల్కనీలో కూర్చుని మాట్లాడుకోమన్నాను. ఫోన్లు లోపల పెట్టేయాలి, ఎదురెదురుగా కూర్చోవాలి, రోజు ఎలా గడిచిందో చెప్పుకోవాలి. పుస్తకాల్లో ఉన్నదే. మూడు వారాలు ప్రయత్నించారు. అత్తగారు ఆరిన బట్టలు తీయడానికి వచ్చేవారు. పాప వచ్చి ఒళ్లో కూర్చునేది. ఎవరూ రాని రోజున ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, "నువ్వు చెప్పు", "మీరు చెప్పండి" అనుకుని లేచిపోయేవారు. ఆవిడ నాతో, "వైవాకు కూర్చున్నట్టు ఉంటోంది మేడం" అన్నారు. ఆ పని ఆపించాను. నవంబరు నాటికి ఆరు సెషన్లు అయ్యాయి, చెప్పుకోదగ్గ మార్పు లేదు.

డిసెంబరులో ఆయన కారు అమ్మేశారు.

అప్పటిదాకా వాళ్లకు రెండు కార్లు. ఇద్దరి పనీ గాజువాక వైపే అయినా నాలుగేళ్లుగా రోజూ ఆయన ఏడింటికి తన కారులో, ఆవిడ ఎనిమిదింటికి తన కారులో అదే జాతీయ రహదారి మీద వెళ్లేవారు. గంటపైన పట్టే దారి. నేను ఆశ్చర్యపోతే వాళ్లు ఆశ్చర్యపోయారు. "టైమింగ్స్ వేరు కదండీ" అన్నారు. ఒక పెద్ద కంపెనీ దగ్గర ఆయన బిల్లులు నెలల తరబడి ఆగిపోయాయి. పనివాళ్లకు జీతాలివ్వడానికి కారు అమ్మేసి, ఇంట్లో మాత్రం "సర్వీసింగ్ ఖర్చు ఎక్కువవుతోంది" అని చెప్పారు. మిగిలింది ఆవిడ కారు. దాని ఆర్‌సీ, లోను రెండూ ఆవిడ పేరు మీదే ఉన్నాయి.

ఏర్పాటు ఇలా కుదిరింది. పొద్దున ఆవిడ నడుపుతారు. బ్రాంచి దగ్గర ఆవిడ దిగాక ఆయన డ్రైవింగ్ సీట్లోకి మారి షెడ్డుకు, అక్కణ్ణుంచి పరవాడ వైపు సైట్లకు వెళతారు. సాయంత్రం వచ్చి ఆవిణ్ణి ఎక్కించుకుంటారు. ఆవిడ అప్పటికి అలిసిపోయి ఉంటారు కాబట్టి ఇంటికి ఆయనే నడుపుతారు. షెడ్డు తాళం మేస్త్రీ చేతికిచ్చి, తొమ్మిది దాటాక వెళ్లడం ఆయన అలవాటు చేసుకోవాల్సి వచ్చింది.

నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. మాటలు లేని ఇద్దరిని రోజుకు రెండున్నర గంటలు ఇనుప డబ్బాలో పెట్టినట్టయింది. మొదటి మూడు వారాలు అలాగే నడిచింది. ఏసీ ఎక్కువైందని ఒకరు, తక్కువైందని ఒకరు. వెనక సీట్లో వెల్డింగ్ గ్లవ్స్, కటింగ్ ఆయిల్ వాసన. ఎండాడ దాటేలోపే ఆయన ఫోన్లో మేస్త్రీతో అరుపులు. అన్నిటికంటే ఎక్కువ చిరాకు సీటు గురించి. ఆయన ఆరడుగుల మనిషి, ఆవిడ ఐదడుగులు. సాయంత్రం ఆయన నడిపాక సీటు వెనక్కి ఉంటుంది, అద్దాలు పైకి ఉంటాయి. పొద్దున పిల్లల్ని స్కూలు బస్సెక్కించి పరుగున వచ్చి కూర్చుంటే ఆవిడ కాలు క్లచ్‌కు అందదు. "నేను ఆ ఇంట్లో ఉన్నానని ఈయనకి గుర్తుండదు అనడానికి ఆ సీటే సాక్ష్యం" అన్నారొకసారి. అంత కోపం ఆవిడ గొంతులో నేను అంతకుముందు వినలేదు. నాకది మంచి సూచన అనిపించింది.

ఆయన బాధ వేరు. భార్య నడుపుతుంటే పక్క సీట్లో కూర్చోవడం. ఎన్‌ఏడీ కూడలి దగ్గర ఒక తెలిసినాయన పక్కన బైకు ఆపి, "ఏం బావా, డ్రైవర్ని పెట్టుకున్నావా?" అన్నాడట. ఆయన ఇది నాకు చెప్పింది రెండు నెలల తర్వాత.

మార్పు ఎక్కడ మొదలైందని అడిగితే ఇద్దరూ వేరువేరు రోజులు చెబుతారు. నాకు కనిపించినంత వరకు అది చాలా చిన్న మాటలతో మొదలైంది. హనుమంతవాక సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఆవిడ, "ఆ లారీ వెనక ఏం రాశాడో చూశారా" అన్నారు. ఆయన ఫోను దించి చూసి నవ్వారు. మర్నాడు ఆయన, "కైలాసగిరి మీద మంచు చూడు" అన్నారు. ఇంతే. వీటిని నేను పిలుపులు అంటాను. సియాటిల్‌లో జాన్ గాట్‌మన్ బృందం కొత్త దంపతులను ఒక అపార్టుమెంటు లాంటి ప్రయోగశాలలో ఉంచి గమనించి, ఆరేళ్ల తర్వాత మళ్లీ వాకబు చేసింది. కలిసి ఉన్నవాళ్లు ఆ రోజు ఇలాంటి పిలుపులకు నూటికి 86 సార్లు పలికారు. విడిపోయినవాళ్లు 33 సార్లే పలికారు. ఇంట్లో ఈ జంట పిలుపులు టీవీ మోతలోనో పిల్లల హోంవర్క్‌లోనో కొట్టుకుపోయేవి. కారులో ఇంకెవరూ లేరు. పిలిస్తే పలకాల్సింది పక్కనున్న ఆ ఒక్కరే.

అప్పుడు హుద్‌హుద్ నాటి మాట గుర్తొచ్చింది. వెళ్లడానికి దారి లేకపోవడం. మన మధ్యతరగతి ఇళ్లలో దంపతులకంటూ ఒక చోటు ఉండదు. పడకగది ఉంటుంది, కానీ సాయంత్రం ఏడింటికి దాని తలుపు వేసుకుంటే ఇంట్లో పెద్దవాళ్లు ఏమనుకుంటారో అన్న బిడియం ఉంటుంది. రాత్రి తలుపు వేసేసరికి పాప మధ్యలో పడుకుని ఉంటుంది. ఈ జంటకు తలుపులున్న సొంత గది అంటూ దొరికింది ఆ కారే. పైగా ఎదురెదురుగా కూర్చోనక్కర్లేదు. ఇద్దరి చూపూ రోడ్డు మీదే ఉంటుంది. కళ్లలోకి చూసి చెప్పలేని మాటను అద్దం వైపు చూస్తూ చెప్పేయవచ్చు. మధ్యలో ఆగిపోయినా ఇబ్బంది లేదు, గేరు మార్చుకోవచ్చు. గాజువాక వచ్చేస్తుందని తెలుసు కాబట్టి మాట సాగిపోతుందన్న భయమూ లేదు. నేను బాల్కనీలో ఎదురెదురుగా కూర్చోబెట్టినప్పుడు వాళ్లకు లేనివి సరిగ్గా ఇవే.

జనవరి రెండో వారంలో సీటు సంగతి జరిగింది. ఆవిడ దాన్ని సెషన్ చివర, లేవబోతూ చెప్పారు. ఒక రోజు పొద్దున పరుగున వచ్చి కూర్చుంటే కాలు క్లచ్‌కు అందింది. సీటు ముందుకే ఉంది. ఎవరు నడిపారా అని ఒక్క క్షణం కంగారు పడ్డారట. అద్దం కూడా కిందికి తిప్పి ఉంది, కాకపోతే కొంచెం ఎక్కువ కిందికి. ఆయన పక్కన ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉన్నారు. సాయంత్రం వాచ్‌మన్ చెప్పాడు: "రాత్రి సారు కిందికొచ్చి కార్లో తల వంచుకొని కూర్చున్నారమ్మా. ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను." ఆవిడ ఎత్తుకు అద్దం సరిపోతుందో లేదో చూడటానికి ఆయన ఒళ్లు కుదించుకుని కూర్చున్నారన్నమాట.

"అంతే మేడం, పెద్ద విషయం కాదు" అన్నారు ఆవిడ. అని, మళ్లీ కూర్చుని ఏడ్చారు. ఆయన బిత్తరపోయి నావైపు చూశారు. ఎందుకు చేశారని అడిగాను. "రోజూ తిడుతోంది కదండీ" అన్నారు. కాసేపాగి, "సీటు జరిపితే ఐదు టక్కులు. నా చోటు నుంచి ఆమె చోటుకి ఐదే" అన్నారు. ఇనుముతో పనిచేసే మనిషి కదా, కొలత తీసుకున్నారు.

ఆ నెల నుంచే ఆయన సాయంత్రాలు పావుగంట ముందు రావడం మొదలుపెట్టారు. బ్రాంచి ఎదురుగా చెట్టు కింద కారు ఆపుకుని కూర్చునేవారు. ఒక రోజు ఆవిడ మెట్ల మీద నిలబడి ఒక ముసలాయనకు ఫారం నింపిపెట్టడం చూశారు. ఆ ముసలాయనకు చెవులు వినబడవు. ఆవిడ వంగి, చెవి దగ్గర గట్టిగా చెబుతూ, నవ్వుతున్నారు. "పన్నెండేళ్లలో ఆమె ఉద్యోగం నేను చూడలేదండీ. జీతం ఎంతో తెలుసు, అంతే" అన్నారు ఆయన నాతో. ఆవిడ కూడా ఒక రెండో శనివారం సెలవున కారు కోసం షెడ్డుకు వెళ్లి, ఆయన చేత్తో కొలత తీసి గేటు పని సరిదిద్దడం చూశారట. ఇంటికొచ్చి అత్తగారికి చెప్పారు, మీ అబ్బాయి పని ఇలా చేస్తాడని. అత్తగారూ ఎప్పుడూ చూడలేదు.

డబ్బు మాట వచ్చింది ఫిబ్రవరిలో, షీలానగర్ దగ్గర ట్రాఫిక్ ఆగిపోయినప్పుడు. ఆయన అద్దంలోంచి బయటికి చూస్తూ, "కారు సర్వీసింగ్ కోసం అమ్మలేదు" అన్నారు. ఆవిడ తిట్టలేదు. ఎంత రావాలి, ఎన్ని రోజులైంది, ఉద్యంలో, అంటే చిన్న పరిశ్రమల ప్రభుత్వ నమోదులో, రిజిస్టరయ్యారా అని అడిగారు. ఆయన పాత నమోదు ఉద్యోగ్ ఆధార్ దగ్గరే ఉండిపోయారు. 2020 జూలైలో దాని స్థానంలో ఉద్యం వచ్చిన సంగతి పట్టించుకోలేదు. చిన్న పరిశ్రమలకు కొనుగోలుదారు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 చట్టం ఉంది. దానికి తోడు, అలా కట్టకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోవడానికి వీల్లేదన్న నిబంధన 2023-24 నుంచే వర్తిస్తోంది. ఆ మార్చిలో అకౌంట్స్ వాళ్లందరికీ అదే టెన్షన్. ఆవిడ రోజూ బ్యాంకులో వినే మాటలివి. ఆ వారమే ఆయన చేత రిజిస్ట్రేషన్ చేయించి, కంపెనీకి ఉత్తరం రాయించారు. మార్చి ఆఖరుకి కొంత డబ్బు వచ్చింది, అంతా రాలేదు.

ఏడాదిగా ఆయనకు నిద్ర పట్టనివ్వని విషయం గురించి తెలిసిన మనిషి అదే మంచం మీద పడుకుని ఉంది. ఈ మాట నేను సెషన్‌లో అనలేదు. ఆయనే అన్నారు.

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. కారులో మాటలు బాగా సాగుతున్నాయని ఉత్సాహపడి, రోజుకో విషయం చొప్పున రాసిచ్చాను. అందులో ఒకటి "మీ అమ్మగారి విషయంలో నాకు కష్టంగా ఉన్నవి". రెండో రోజే ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద మాట పెరిగి, ఆయన కోపంలో గట్టిగా బ్రేకు వేశారు. వెనక కారు అంగుళాల దూరంలో ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ రాత్రి ఆవిడ ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు చేతులు వణికాయి. మర్నాడే పిలిచి, అది నా తప్పని ఇద్దరి ముందూ చెప్పి, ఆ కాగితం వెనక్కి తీసుకున్నాను. బరువైన మాట వస్తే కారు పక్కకు తీసి ఆపాలి, లేదా నా గదిలో మాట్లాడుకోవాలి, నడుపుతున్న మనిషి "ఇప్పుడు వద్దు" అంటే అక్కడితో ఆగాలి అని ముగ్గురం ఒప్పుకున్నాం. అప్పటినుంచి ఏ జంటకూ డ్రైవింగ్‌లో చేయమని హోంవర్క్ ఇవ్వలేదు.

అత్తగారి సంగతి చివరికి సెల్లార్‌లో తేలింది. ఇంటికొచ్చాక కారు ఆపి, పైకి వెళ్లకుండా పది నిమిషాలు అందులోనే కూర్చోవడం వాళ్లకు అలవాటైంది. ఒక రోజు అత్తగారే లిఫ్టులో కిందికొచ్చి అద్దం తట్టి, "ఏటమ్మా, ఇద్దరూ పైకి రారేటి? సాంబారు సల్లారిపోతంది" అన్నారట. ముగ్గురూ నవ్వుకుంటూ పైకెళ్లారు. ఆ తర్వాత వారం ఆవిడ తనంతట తానే మనవరాల్ని తన గదిలో పడుకోబెట్టుకోవడం మొదలుపెట్టారు. ఎవరూ అడగలేదు. దంపతుల మధ్య దగ్గరతనం గురించి నేను వాళ్లను అంతకుమించి అడగలేదు. భార్య సిగ్గుపడుతూ "బాగానే ఉంది మేడం" అన్నారు, నాకు అది చాలు.

ఈ కేసు చదివి ఎవరైనా ఒక కారు అమ్మేస్తే కాపురం బాగుపడుతుందని అనుకుంటే నాకు బాధగా ఉంటుంది. నేను చూసిన ఇంకో జంటకూ ఒకటే కారు ఉండేది. తాళం ఎప్పుడూ భర్త జేబులోనే. ఆఫీసు దగ్గర దింపడం, ఎక్కించుకోవడం, ఐదు నిమిషాలు ఆలస్యమైతే ఎవరితో మాట్లాడుతున్నావని నిలదీయడం. బయటివాళ్లు "ఎంత బాగా చూసుకుంటాడో" అనేవారు. ఆ అమ్మాయికి కావలసింది సొంత బస్‌పాస్. ఈ కేసులో కారు ఆవిడది, డ్రైవింగ్ ఆవిడకు వచ్చు, తాళం గుమ్మం పక్కన మేకుకు వేలాడుతుంది, ఎవరైనా తీసుకోవచ్చు. ఒక రోజు ఆవిడ చెప్పకుండా స్నేహితురాలి ఇంటికి వెళ్లిపోతే ఆయన ఆటోలో ఇంటికొచ్చి, "చెబితే ముందే బయల్దేరేవాడిని కదా" అన్నారు, అంతే. ఇది లేకపోతే మిగతా ఏదీ పనిచేసేది కాదని నా నమ్మకం. జంటలతో పనిచేసేవాళ్లు "వాహనం ఎవరిది, తాళం ఎక్కడుంటుంది" అని మొదటి రోజే అడగడం మంచిది. నేను ఇప్పుడు అడుగుతున్నాను.

ఏప్రిల్‌లో, పన్నెండో సెషన్‌తో ఆపాం. ఆయన పీహెచ్‌క్యూ-9 అప్పటికి 5కు దిగింది. అందులో వచ్చిన డబ్బు వాటా ఎంతో, మాటల వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

అక్టోబరులో మళ్లీ వచ్చి కలిశారు. ఆవిడకు జూన్‌లో అనకాపల్లి బదిలీ అయింది. గాజువాక దాకా కలిసి వెళ్లి, అక్కడ ఆవిడ బస్సెక్కుతున్నారు. పని తక్కువున్న రోజు ఆయన అనకాపల్లి దాకా దింపి వెనక్కి వస్తున్నారు. రెండో కారు కొనే ఆలోచన వచ్చిందట, డౌన్‌పేమెంట్ దాకా వెళ్లి ఆగారట. ఈసారి అయితే కొనక తప్పదేమో అన్నారు ఆవిడ, దిగులుగానే.

వెళ్లేటప్పుడు నన్ను కిందికి తీసుకెళ్లి కారు చూపించారు. డ్రైవింగ్ సీటు కింద పట్టా మీద తెల్ల పెయింటుతో రెండు గీతలు. వెనకది ఆయనది, ముందుది ఆవిడది. అద్దం అంచున కూడా చిన్న చుక్క ఉంది. "చీకట్లో లెక్కపెట్టుకోలేకపోతున్నానండీ" అన్నారు ఆయన.